లేని నడుంనొప్పి

"తాళాలు ఇవ్వమ్మా."

"ఇవ్వను."

"అమ్మా, మర్యాదగా అడుగుతున్నాను."

"నేనూ మర్యాదగానే ఇవ్వనంటున్నాను."

అత్తగారు కుట్టుమిషను ముందు నుంచి కదల్లేదు. స్కూటరు తాళాలు ఆ మిషను సొరుగులోనే, దారపు ఉండల కింద ఉన్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిణ్ణి లేపి ఆ సొరుగు తెరవడం ఎవరి తరమూ కాదని కూడా తెలుసు. కొడుకు గొంతు పెంచినప్పుడల్లా ఆవిడ మిషను ఇంకాస్త గట్టిగా తొక్కుతోంది. ఆసుపత్రి వాళ్ళకి ఇవ్వాల్సిన దిండు గలీబులు ఆ సాయంత్రం ఎన్నడూ లేనంత వేగంగా తయారవుతున్నాయి.

వదిన అప్పుడే కాలేజీ నుంచి వచ్చింది. భుజం మీద సంచీ కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ వేళప్పుడు మొగుడు ఇంట్లో ఉండడమే వింత. మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాడు మళ్ళీ వెళ్ళి తన కళ్ళద్దాల షాపు తెరిచినట్టు లేదు. బూట్లు విప్పకుండా హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏవండీ, ఏమైంది?"

"ఏమైందో నీకు తెలీదా?" అతను గిర్రున తిరిగాడు. "వెళ్ళి ఆ పెద్ద సారు చేతులు విరగ్గొట్టి వస్తాను. అంతే, ఇంకేం కాలేదు."

వదిన ఆడపడుచు గది వైపు చూసింది. ఆ గది గుమ్మానికి ఆనుకుని, మోకాళ్ళు చుట్టేసుకుని కూర్చుని ఉంది పిచ్చుక. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి వచ్చినప్పుడు, ఇక కాలేజీకి వెళ్ళనని తేల్చి చెప్పేసిందట. ఎందుకని అతను, ఏం లేదని ఈ పిల్ల. చివరికి విషయం బయటపడింది.

పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉండేదని పెట్టుకున్న పేరు పిచ్చుక. ఇరవయ్యేళ్ళు వచ్చినా పేరు మారలేదు, నోరు మూత పడలేదు. అలాంటి పిల్ల ఈ వారమంతా ఇంట్లో ఉందో లేదో తెలియనట్టు తిరిగింది.

"నీకు సోమవారమే చెప్పిందట," అన్నాడు మొగుడు. "నాకు చెప్పాలని నీకు అనిపించలేదు."

"ఎవరికీ చెప్పొద్దందండీ."

"అది వద్దంటే మానేస్తావా? మరి నీ కమిటీ ఏం చేస్తున్నట్టు? గోడల మీద ఫొటోలు అంటించుకుంటోందా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వీధి మొత్తానికీ ఆమె వదినే. పిచ్చుక పిలవగా పిలవగా పాల ప్యాకెట్లు వేసే అతను కూడా అలాగే పిలుస్తాడు. పిచ్చుక చదివే ఫిజియోథెరపీ కాలేజీలో మాత్రం పాఠం చెప్పే మేడమ్. పైగా అక్కడ వేధింపుల మీద ఫిర్యాదులు తీసుకునే కమిటీలో సభ్యురాలు. ప్రతి అంతస్తులోనూ మెట్ల దగ్గర లైబ్రేరియన్ గారి ఫొటో పక్కన ఈమె ఫొటో, కింద ఫోను నంబర్లు. 'ఎవరైనా ఇబ్బంది పెడితే నిర్భయంగా వీరికి చెప్పండి.' తన ఫొటో ఎంత బాగా వచ్చిందంటే, కొత్తగా చేరిన పిల్లలు ఇబ్బంది పెట్టేది ఈవిడే కాబోలు అనుకుంటారని పిచ్చుక తెగ ఏడిపించేది.

"వదిననేమీ అనకు అన్నయ్యా," అంది పిచ్చుక, తల ఎత్తకుండానే. "నేనే ఒట్టు వేయించుకున్నాను. నేను చెప్పుకుంది వదినకి. మేడమ్‌కి కాదు."

ఆ వెనకేసుకు రావడం వదినకి హాయిగా ఉండాల్సింది. ఉండలేదు. వేధింపు సంగతి ఏ ఉద్యోగి చెవిన పడినా కమిటీకి తెలియజేసి తీరాలని కొత్త టీచర్లకి ఏటా చదివి వినిపించేది తనే. మరి తన చెవిన పడ్డప్పుడు? పిల్ల వద్దంది కాబట్టి ఊరుకున్నానని తనకి తాను చెప్పుకుంది. అది సగం నిజం. మిగతా సగం పెద్ద సారు. ఆ డిపార్టుమెంటుకి పెద్ద ఆయన. తనకి పాఠం చెప్పిందీ ఆయనే, ఉద్యోగానికి మాట సాయం చేసిందీ ఆయనే. ఆయన ఎదుట నిలబడితే వదినకి ఇప్పటికీ తను స్టూడెంటే అనిపిస్తుంది.

మిషను ఆగింది.

"అసలు ఆ మనిషి అలాంటివాడంటే నేను నమ్మను," అంది అత్తగారు.

"అమ్మా!"

"నువ్వుండరా. నా భుజం బిగుసుకుపోతే ఎవరు బాగుచేశారు? జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. మిషను అమ్మేద్దామనుకున్నాను. ఆ మహానుభావుడి చేతులే నన్ను మళ్ళీ ఈ కుర్చీలో కూర్చోబెట్టాయి. ఏ పాపం ఎరగని చేతులవి."

పిచ్చుక గోడ వైపు తిరిగింది.

"అంతెందుకు, ముట్టుకునే ముందు ప్రతిసారీ అడిగేవాడు. 'భుజం మీద చెయ్యి వేస్తున్నానమ్మా, వెయ్యనా?' అనేవాడు. ఒకసారా రెండుసార్లా, వెళ్ళిన ప్రతిసారీ. చివరికి నాకే విసుగొచ్చి, ఎన్నిసార్లు అడుగుతావు నాయనా, వేసెయ్ అన్నాను. 'అలా కాదమ్మా, అడగాలి. మా చదువులో మొదటి పాఠం అదే' అన్నాడు. అంత మర్యాద తెలిసిన మనిషి..."

"నన్ను అడగలేదమ్మా," అంది పిచ్చుక.

గొంతు పెంచలేదు. అయినా ఆ మాట హాల్లో అందరికీ వినబడింది.

"క్లాసులో ఎవరో ఒకరు బల్ల మీద పడుకోవాలి. మిగతావాళ్ళు చుట్టూ నిలబడి నేర్చుకోవాలి. మా పద్ధతే అది, అందరం పడుకుంటాం. చూపించాల్సిన చోటు వరకే తీసి, మిగతాదంతా దుప్పటి కప్పి ఉంచాలి. అదీ పద్ధతే. ఆయన నన్నే ఎక్కమనేవాడు, ప్రతిసారీ నన్నే. నడుం దగ్గర నరం చూపిస్తానని దుప్పటి మొత్తం లాగేశాడు. పాఠంతో పనిలేని చోటల్లా చెయ్యి వేశాడు. నేను కదిలితే, 'ఈ గంటసేపు నువ్వు మనిషివి కావు, బొమ్మవి' అన్నాడు. అందరూ నవ్వారమ్మా. నేనూ నవ్వాను."

"చాల్లే, ఇంక చెప్పకు," అన్నాడు అన్నయ్య. అతని మొహం చూడలేకపోయింది వదిన.

"ఎందుకని అడిగావుగా, విను. రెండోసారి అందరికీ టీ బ్రేక్ ఇచ్చి, నన్ను మాత్రం లేవొద్దన్నాడు. నేను లేస్తుంటే, ప్రాక్టికల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో గుర్తుందా అన్నాడు."

అత్తగారి ఎడమ చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో కుడి భుజం మీదికి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఆవిడ ఆ చేతిని ఒళ్ళోకి దించేసుకుంది.

"వాడికి అడగడం తెలుసు," అంది మెల్లిగా. "తెలిసి కూడా అడగలేదు."

"ఇప్పటికైనా ఇస్తావా తాళాలు?"

"ఇవ్వను. నువ్వెళ్ళి నాలుగు తగిలిస్తే రేపు పోలీసులు నిన్ను పట్టుకుపోతారు, వాడు తీరిగ్గా పాఠం చెప్పుకుంటాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కణ్ణి కొట్టావా నువ్వు? కూర్చో."

నిజానికి అతని జేబులో కళ్ళజోళ్ళు బిగించే బుల్లి స్క్రూడ్రైవరు తప్ప ఇంకేమీ లేదు. అయినా వదినకి భయం వేసింది. ఎప్పుడూ కోపం రాని మనిషికి వస్తే ఎక్కడ ఆపుకోవాలో తెలియదు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అంది గబగబా. "దాన్నింక బల్ల ఎక్కించరు. నేను చూసుకున్నాను."

అన్నాక గానీ అనకూడదని తోచలేదు.

పిచ్చుక ఇటు తిరిగింది. "చూసుకున్నానంటే?"

"అంటే... సారుతో మాట్లాడాను."

"సారుతోనా?"

"నీ సంగతేమీ ఎత్తలేదే తల్లీ. నీకు నడుం పట్టేసిందని చెప్పాను, అంతే. కొన్నాళ్ళు బల్ల ఎక్కకూడదని చెప్పాను. సరేనన్నాడు. గొడవ లేకుండా పోతుంది కదా అని."

"నాకు నడుంనొప్పా?"

"లేదనుకో. ఊరికే అలా..."

అన్నయ్య ఊపిరి వదిలాడు. "ఆ ముక్క రాగానే చెప్పొచ్చుగా," అంటూ కుర్చీలో కూలబడి, ఒక బూటు తాడు విప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో బిగుసుకున్నదేదో కాస్త సడలినట్టయింది. ఫరవాలేదు, తను చేసింది మంచిపనే అని వదిన కూడా ఆ క్షణంలో అనుకుంది. పిచ్చుక మాత్రం రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది.

అంతలో తలుపు చప్పుడైంది.

వచ్చింది నిచ్చెన. పిచ్చుక క్లాసే, ప్రాణస్నేహితురాలు. గుమ్మంలో తల వంచి లోపలికి రావాల్సినంత పొడుగు. వాళ్ళిద్దరూ పక్కపక్కన నడుస్తుంటే కాలేజీ అంతా నవ్వుతుంది, అందరికంటే ముందు వాళ్ళే నవ్వుకుంటారు. ఈ ఇంట్లో అడుగుపెడుతూనే, "అమ్మగారూ, పైకప్పు ఇంకాస్త ఎత్తు పెంచకూడదా?" అని అత్తగారిని అడగడం ఆ పిల్లకి అలవాటు.

ఇవాళ అడగలేదు.

"ఇది తన కోటు లాబ్‌లో మర్చిపోయిందండీ," అని మడత పెట్టిన తెల్లకోటు అందించింది. తను వేసుకున్న కోటు మాత్రం విప్పలేదు. మెడ దాకా గుండీలన్నీ పెట్టుకుని ఉంది.

"కూర్చోమ్మా," అంటూ వదిన మంచినీళ్ళు తెచ్చింది. నిచ్చెన గ్లాసు పుచ్చుకుంది గానీ తాగలేదు.

"నడుం ఎలా ఉందే?" అని అడిగింది పిచ్చుకని. "సారు క్లాసులో చెప్పాడు."

పిచ్చుక లేచి నిలబడింది. "ఇవాళ ప్రాక్టికల్ జరిగిందా?"

"జరక్కేం."

"ఎవరు ఎక్కారు?"

నిచ్చెన నవ్వబోయింది. పెదాలు సహకరించలేదు. "నేనే. నా ఎముకలు పొడుగు కదా, వెనక వరసకి కూడా బాగా కనబడతాయన్నాడు."

ఎవరూ నవ్వలేదు.

"దుప్పటి కప్పమని అడిగాను," అంది నిచ్చెన, గ్లాసులోకి చూస్తూ. "అడిగితే, 'నీ స్నేహితురాలు ఒక్కసారీ అడగలేదే, దానికి లేని సిగ్గు నీకెందుకు' అన్నాడు. అందరి ముందూ అన్నాడే. నువ్వు నిజంగా ఎప్పుడూ అడగలేదా?"

"తర్వాత?"

"తర్వాత అందరికీ టీ బ్రేక్ ఇచ్చాడు."

అక్కడ ఆగిపోయింది. ఆ పైన చెప్పలేదు, ఎవరూ చెప్పమని అడగలేదు. చేతిలో గ్లాసు ఒరిగి నీళ్ళు కోటు మీద పడుతున్నా ఆ పిల్ల చూసుకోలేదు. అత్తగారు లేచి వచ్చి, గ్లాసు తీసుకోబోతూ ఆగింది. "తీసుకోనా అమ్మా?" అని అడిగింది. నిచ్చెన తల ఊపాక అప్పుడు తీసుకుంది.

వదినకి పెద్ద సారు గదిలో తను నిలబడి ఉండడం, నడుంనొప్పి అబద్ధం నత్తి నత్తిగా చెప్పడం కళ్ళకు కట్టింది. ఆయన ఎంతో ఆదుర్దాగా విన్నాడు. 'అయ్యో, నడుమా? పిల్లని జాగ్రత్తగా చూసుకోమను. ఫరవాలేదు, మరో పిల్లను చూసుకుంటాలే' అన్నాడు. ఆ మాట తన చెవిన పడింది. పడినా పట్టించుకోలేదు. పైగా థాంక్స్ చెప్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి మరీ వచ్చింది.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"అమ్మాయ్," అంది నిచ్చెనతో. "నిన్ను ఎక్కించింది నేనే."

"మీరేంటి మేడమ్?" నిచ్చెనకి అర్థం కాలేదు.

"వదినా, నువ్వు కాసేపు మాట్లాడకు," అంది పిచ్చుక.

స్నేహితురాలి పక్కన కూర్చుంది. తనకి జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది, నడుంనొప్పి లేదని కూడా చెప్పింది. నిచ్చెన వింటూ వింటూ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నాకు తెలిసుంటే ఆ గదిలోకే వెళ్ళేదాన్ని కాదే."

"నేను చెప్పుంటే నీకు తెలిసేది." పిచ్చుక స్నేహితురాలికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "నాకొక్కదానికే అనుకున్నాను. నాలోనే ఏదో ఉందనుకున్నాను. పరీక్ష గట్టెక్కితే చాలు, ఎవరికీ తెలియకుండా పోతుందనుకున్నాను."

"దాన్ని తప్పించాలనే కదా నేను..." అంది వదిన.

"తప్పించావు," అంది పిచ్చుక, ఈసారి సూటిగా చూస్తూ. "నేను ఎవరికీ చెప్పొద్దన్నాను, నిజమే. వెళ్ళి వాడితోనే మాట్లాడి రమ్మని అన్నానా? నన్ను ఒక్క మాట అడిగావా? నన్ను అడగకుండా నన్ను దించేశావు. నా చోట దీన్ని పడుకోబెట్టావు."

వదిన పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన నాటికి ఈ పిల్లకి జడ వేసుకోవడం కూడా రాదు. తన ఒళ్ళో కూర్చుని లెక్కలు నేర్చుకుంది. ఎన్ని అలకలు పోయినా ఇలా ఎప్పుడూ చూడలేదు. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేది. కోపం కాదది, నమ్మకం పోవడం.

పిచ్చుక మళ్ళీ నిచ్చెన వైపు తిరిగింది. "నేను ఫిర్యాదు ఇస్తున్నాను. ఇప్పుడే. నువ్వు వద్దంటే నీ పేరు ఎత్తను. నా సంగతి మటుకే చెప్తాను."

నిచ్చెన కోటు చేతితో కళ్ళు తుడుచుకుంది. "నా పేరు నేనే చెప్పుకుంటాను," అంది. "నువ్వు చెప్తే పొడుగు తగ్గించి చెప్తావు."

అది హాస్యమో ఏడుపో తెలియలేదు. అత్తగారు మాత్రం ముక్కు చీదుకుంది.

వదిన సంచీలోంచి పెన్ను తీసింది. "సరే. ఇలా రండి, బల్ల దగ్గర కూర్చోండి. ఒక్కొక్కరూ విడివిడిగా చెప్పండి. నేను రాసుకుంటాను."

"మీకు కాదు మేడమ్," అంది పిచ్చుక.

ఆ ఇంట్లో పిచ్చుక నోట ఆ పిలుపు మొదటిసారి వినబడింది. కాలేజీలో ఎన్నోసార్లు అదే నోటి వెంట అదే మాట విని మురిసిపోయిన మనిషి, ఇప్పుడు పెన్ను మూత ఎలా పెట్టాలో తెలియక నిలబడింది.

"మీరు ఆయనతో మాట్లాడి వచ్చారు. మీరు రాసుకోకూడదు. మీ ఫొటో పక్కన ఇంకో ఫొటో ఉంది కదా."

ఫోను తీసి నంబరు నొక్కింది. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. రెండుసార్లు మోగగానే లైబ్రేరియన్ గారు ఎత్తారు. పుస్తకం ఆలస్యంగా ఇస్తే వీధి చివరి దాకా వినబడేలా అరిచే మనిషి, విషయం రెండు మాటల్లో వినగానే గొంతు తగ్గించేశారు.

"ఇప్పుడు ఎక్కడున్నారమ్మా మీరిద్దరూ? పక్కన పెద్దవాళ్ళు ఉన్నారా?"

"ఇంట్లోనే ఉన్నామండీ. అమ్మ ఉంది, అన్నయ్య ఉన్నాడు."

"మంచిది. ఈ రాత్రికి ఎవరి ఫోను వచ్చినా మాట్లాడొద్దు. రేపు పొద్దున్నే నేనే మీ దగ్గరికి వస్తాను. మార్కుల గురించి భయపడకండి, ఆ పరీక్షకి వేరే కాలేజీ వాళ్ళని పిలిపించమని నేను గట్టిగా అడుగుతాను." కాస్త ఆగారు. "అవునూ, మీ వదినగారు కమిటీలోనే ఉన్నారు కదమ్మా. ఆవిడకి చెప్పలేదా?"

పిచ్చుక వదిన వైపు చూసింది. చాలాసేపు చూసింది. కాదని ఒక్క మాట అంటే సరిపోతుంది. అబద్ధమాడి కాపాడడం ఈ ఇంట్లో కొత్తేమీ కాదు.

"చెప్పాను," అంది. "సోమవారమే చెప్పాను."

అవతల పెన్ను మూత తీసిన చప్పుడైంది.

"మరి ఆవిడ ఏం చేశారు?"

పిచ్చుక ఫోను తీసుకొచ్చి, మిషను పక్కన బల్ల మీద, వదిన ఎదురుగా పెట్టింది.

అన్నయ్య ఒంటి బూటుతోనే లేచాడు. ఇందాక చేతులు విరగ్గొడతానన్న మనిషి ఒక్క అంగలో ఫోను దగ్గరికి వచ్చాడు. "కట్ చేసెయ్యి," అన్నాడు గుసగుసగా. "ఉద్యోగం పోతుందే. వాళ్ళ సంగతి వాళ్ళు చెప్పారుగా, చాలదా? నీ పేరెందుకు మధ్యలో?" ఫోను మీదికి చెయ్యి చాచాడు.

అత్తగారు ఆ మణికట్టు పట్టేసుకుంది. ఒకప్పుడు దువ్వెన పట్టుకోలేని కుడిచేత్తో, కొడుకు విదిలించుకోలేనంత గట్టిగా పట్టుకుంది.

"హలో? లైన్లో ఉన్నారా?" అన్నారు లైబ్రేరియన్.

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరు పిల్లల్లో ఎవరి మొహమూ చూడకుండా ఫోను మీదికి వంగింది.

"ఉన్నానండీ," అంది. "పిల్లకి నడుంనొప్పి అని సారుతో అబద్ధం చెప్పింది నేనే. ముందు అది రాసుకోండి."